అద్దానికి ఇవతల

రాజమండ్రి,
సోమవారం, మధ్యాహ్నం మూడున్నర

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం సంక్రాంతి వెళ్ళిన వారానికే వచ్చింది. ఇప్పుడు మార్చి. తిట్టాలనుంటే ఇక్కడే ఆగి తిట్టేసుకుని మిగతాది చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే సగంలో "మీటింగుందిరా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ముందు కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నదానికి పదో తరగతి పరీక్షలు, ఇల్లంతా కర్ఫ్యూ. వంటమాస్టరు మళ్ళీ మానేస్తానన్నాడు, మళ్ళీ మానలేదు (కారణం కింద వస్తుంది). ఆరో నంబరు బల్ల ఇంకా ఊగుతూనే ఉంది. దాని కాలికింద నువ్వు పెట్టిన అట్టముక్కని ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఎందుకో నీకు తెలుసు, మా చెల్లాయికి మాత్రం చెప్పకు. అయిపోయాయి. ఇంక చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయే సంగతి, అద్దం సంగతి.

పండక్కి వచ్చినప్పుడు రోడ్డవతల కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి ఏమన్నావో గుర్తుందా? "హోటల్ పెట్టావా, ఫైనాన్స్ కంపెనీ పెట్టావా?" అన్నావు. వారంపాటు మండింది నాకు. కానీ నిజమే. ఏసీ పెట్టించాక అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించాను కదా, బయటినుంచి చూస్తే లోపల ఏముందో, ఎంతకుందో ఏమీ తెలీదు. కోటిపల్లి బస్టాండులో దిగినవాళ్ళు మెట్టుదాకా వస్తారు, ఏసీ అన్న బోర్డు చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, పక్కకి వెళ్ళిపోతారు. లోపలికొచ్చి కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, ధర చూసి లేచిపోవడమంటే మనవాళ్ళకి తల తీసేసినట్టుంటుంది. ఆ భయానికి అసలు రానే రారు. డెలివరీ యాప్‌ల వాళ్ళకి కమీషన్ పోగా మనకి మిగిలేది... వద్దులే, ఆ లెక్క మొదలెడితే ఈ కాగితాలు దానికే చాలవు.

అద్దం మీద క్యూఆర్ కోడ్ అంటించు, మెనూ ధరలతో సహా బయటే చూసుకుంటారు అన్నావు. అనడం తేలికే.

మొదటిది మా మేనల్లుడు చేశాడు. ఫ్లెక్సీ షాపతను "చుట్టూ తెల్లగా బాగోలేదండి" అని అంచులు శుభ్రంగా కత్తిరించేసి, అగ్గిపెట్టెకి కాస్త పెద్ద స్టిక్కరు, అదీ లోపలివైపు నుంచి అంటించి వెళ్ళాడు. నల్ల ఫిల్మ్ వెనక నల్ల గళ్ళు. అమావాస్య రాత్రి గేదెని వెతుక్కున్నట్టు ఫోన్లన్నీ వెతుక్కున్నాయి. అప్పుడు కదా నువ్వు ఫోన్‌లో పాఠం చెప్పావు, చుట్టూ నాలుగు గళ్ళ మందం తెల్లగా వదలాలని, ఎంత దూరంనుంచి తీస్తారో అందులో పదోవంతు వెడల్పు ఉండాలని. మెట్టు కింద కాలువ పలక మీద నిలబడితే అద్దం ఐదడుగుల దూరం. అంటే అరడుగు స్టిక్కరు. తెల్లటి దాని మీద నల్లగా, బయటివైపు. మధ్యలో వినాయకుడి బొమ్మ పెడతానన్నాడు మేనల్లుడు. పాడవుతుందిరా అంటే, కోడ్‌ని గట్టి రకంగా తయారుచేసుకుంటే ముప్ఫై శాతం దాకా చెరిగిపోయినా ఫోన్ చదువుతుంది మామయ్యా అన్నాడు. 1994లో జపాన్‌లో డెన్సో వాళ్ళు కారు విడిభాగాల లెక్క కోసం కనిపెట్టారట దీన్ని. ఫ్యాక్టరీలో మురికి పడ్డా చదవాలని అలా చేశారట. మన సాంబారు మరకలకి సరిగ్గా సరిపోతుంది.

ఇంతా చేస్తే పదిహేనో రోజున ఇంకో గొడవ. ఉచితం అని రాసిన ఏదో సైటులో చేశాడు వాడు. పద్నాలుగు రోజులే ఉచితమట. ఆ పొద్దున్న ఎవరు స్కాన్ చేసినా "డబ్బు కట్టండి" అని ఇంగ్లీషులో వస్తోంది. సైటువాడు నన్ను అడుగుతున్నాడు, అద్దం ముందున్నవాళ్ళకేమో నేను అడుగుతున్నట్టుంది. ఒకాయన తలుపు తీసి తల మాత్రం లోపలికి పెట్టి "చూసినందుకు కూడానా?" అని వెళ్ళిపోయాడు. ఏం చెప్తాను చెప్పు.

ఇప్పుడు ఆ సైటువాడి చిరునామాకి బదులు మన సొంత పేజీ చిరునామానే నేరుగా కోడ్‌లో పెట్టించాను. ఫోటోలు లేవు, రంగుల పీడీఎఫ్ లేదు (అది తెరుచుకునేలోపు మనిషి గోకవరం వెళ్ళిపోతాడు). తెలుగులో కూర పేరు, ఎదురుగా ధర, అంతే. ఆ గళ్ళలో ఉన్నది మెనూ కాదు, మెనూ ఉన్నచోటి చిరునామా. చిరునామా మారనంతకాలం స్టిక్కరు జోలికి పోకుండా కూరలు రోజూ మార్చుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకో, నా పరువు పోయింది ఇక్కడే.

ఆ స్టిక్కరు సరిగ్గా నా కౌంటరు పక్కన పడింది. పగలు బయటివాళ్ళకి అద్దంలో వాళ్ళ మొహాలే కనిపిస్తాయి, నేను కనిపించను. నాకేమో ఎదురుగా వాళ్ళ మొహాలు. తలుపు సందులోంచి మాటలు కూడా వినిపిస్తాయి. ఇరవై ఏళ్ళుగా హోటల్ నడుపుతున్నాను గానీ, లోపలికి రాకముందు మనిషి ఎలా ఉంటాడో ఎప్పుడూ చూడలేదురా. గుమ్మం దాటాక అందరూ బాబులే. అవతల అలా కాదు. ఒక కుర్రాడు జేబులో నోట్లు బయటికి తీయకుండానే వేళ్ళతో లెక్కపెట్టుకుని, ప్లేట్ మీల్స్ ధర చూసి, తల దువ్వుకుని మరీ వచ్చాడు. ఒకావిడ "ఇదికాక టాక్స్ వేస్తాడు చూడు" అంది మొగుడితో. ఆ రాత్రే "5 శాతం జీఎస్టీ కలిపిన ధరలు" అని రాశాను. కొందరు డబ్బులు పంపే యాప్ తెరిచి దానితో స్కాన్ చేసి, పనిచేయట్లేదని తిట్టుకుంటారు. కొందరికి ఫోన్ చూపిస్తేనే ఖాతాలో డబ్బులు కట్ అవుతాయని భయం. అందుకని పైన "ఇది డబ్బులు కట్టే కోడ్ కాదు, మెనూ మాత్రమే" అని పెద్దక్షరాలతో అంటించాను. రాత్రిపూట వ్యవహారం తిరగబడుతుంది. లోపల లైట్లు, బయట చీకటి. ఆ సంగతి మర్చిపోయి ఓ రాత్రి అలాగే చూస్తూ కూర్చున్నాను. స్కాన్ చేస్తున్నాయన తలెత్తి, అద్దంలోంచి నా మొహం చూసి "అమ్మబాబోయ్" అని కాలువ పలక మీదనుంచి దూకాడు.

మొన్న గురువారం. రెండుంబావు అయింది. కోనసీమ వైపు పెద్దాయన, ఆవిడ. చంకలో ఆస్పత్రి ఫైలు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ఫోన్ దూరంగా పట్టుకుని ఆవిడకి చదువుతున్నాడు. "మామిడికాయ పప్పు." ఆవిడ ఎటో చూస్తోంది. "దొండకాయ వేపుడు." ఊహూఁ. "బీరకాయ..." ఆవిడ అప్పటికే బస్టాండు వైపు తిరిగింది. "పనసపొట్టు కూర ఉందటే." ఆవిడ ఆగింది. "ఆవ పెట్టిందేనా?" "అలాగని రాయలేదు." "రాయకపోతే ఏం, పదండి" అంది.

నేను లోపల లేచి నిలబడ్డాను బావా. అద్దం నెగ్గిందనుకున్నాను. వాళ్ళు వచ్చి కూర్చున్నారు, అదీ ఆరో నంబరు బల్లే. సప్లయరు వెళ్ళి "పనసపొట్టు ఒంటిగంటకే అయిపోయిందండి" అన్నాడు. పేజీలోంచి తీసేయాల్సింది ఎవరు? నేనే. ఫోన్ ఎక్కడుంది? సొరుగులో. పెద్దాయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "బయట ఉందన్నారు కదండీ" అన్నాడు. ఆవిడ "పోనీలెండి, ఉన్నదే పెట్టమనండి" అంది. అదే మనిషి, అద్దం అవతల "పదండి" అన్న మనిషేనా అనిపించింది.

నువ్వు వేళాకోళం చేస్తావే, హోటలోడికి ఇంటినుంచి క్యారేజీ అని. ఆ క్యారేజీ కౌంటరు కిందే ఉంది. పొద్దున్న కొట్టించిన పొట్టులో సగం మా ఆవిడ ఇంటికి తీసుకెళ్ళింది కదా, పై గిన్నెలో అదే కూర, ఆవ పెట్టింది. ఎవరూ చూడకుండా వంటింట్లోకి పట్టుకెళ్ళి, స్టీలు గిన్నెలోకి మార్చి, "అడుగున కాస్త ఉందటండి" అని పంపించాను. ఆవిడ ఒక ముద్ద తిని, నమిలి, తలెత్తి నేరుగా కౌంటరు వైపు చూసింది. "ఇది హోటల్ కూర కాదు" అంది.

దొరికిపోయాను. "మీ ఇంట్లోదా బాబూ? మరి మీరేం తింటారు?" అంది. నేను తినేశానండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు, కానీ కూర మాత్రం మిగల్చలేదు. పెద్దాయన కూరకి వేరే డబ్బులిస్తానని చాలాసేపు వాదించాడు. నేను మీల్స్ ధరే తీసుకున్నాను. ఆయన కాసేపు అలక కూడా పూనాడు.

వాళ్ళు వెళ్ళాక మూడింటికి, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి నా హోటల్లో నేను చారన్నం తిన్నాను. బావా, ఆ చారు... చింతపండు తప్ప అందులో ఇంకేమీ లేదురా. ఇన్నాళ్ళూ జనం తాగారంటే వాళ్ళకి దండం పెట్టాలి. మాస్టరుతో అన్నాను. అందుకే మానేస్తానన్నాడు. శుక్రవారం నుంచి చారు బాగుంది, అన్నాక రోజూ రుచి చూస్తున్నాను. ఇంకా నేను ముట్టుకోనివి ఎన్ని ఉన్నాయో అని రాత్రి పడుకున్నాక...

సరే. ఇప్పుడొక ఏర్పాటు చేశాను. ఏ కూర అయిపోయినా వంటింట్లోంచి "అద్దం!" అని కేకేస్తారు, నేను వెంటనే పేజీలోంచి తీసేస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో పగిలిందనుకుని కాళ్ళు పైకెత్తుకుంటున్నారు. పొద్దున్నే షట్టరు తీయగానే స్టిక్కరు మీద చెయ్యి పెట్టి చూడటం కూడా అలవాటైంది. మన కోడ్ మీద వేరే కోడ్ అంటించిపోయే దొంగలున్నారు కదా.

నీకో పని. 2027 పుష్కరాలకి అన్ని రాష్ట్రాల జనం వస్తారు, పేజీ హిందీలోనూ ఒరియాలోనూ కూడా కావాలి. నీ ఆఫీసులో ఒరియా అబ్బాయున్నాడన్నావు, "పనసపొట్టు"కి వాళ్ళేమంటారో కనుక్కో. 2015 పుష్కరాల్లో మనం అమ్మిన మజ్జిగ గురించి మాత్రం ఏ భాషలోనూ రాయను, ఒట్టు.

ఇంకా చెప్పాల్సింది... ఉండు, కాలువ పలక మీద ఎవరో ఆగారు. నలుగురు. పెద్దబ్బాయి ఫోన్ తీశాడు. వాళ్ళమ్మ పెరుగు ఉందా అని అడుగుతోంది. ఉంది, ఉంది, చదవరా నాయనా... వంటింట్లోంచి "అద్దం!" అంటున్నారు, ఏది అయిపోయిందో ఏమో, ఫోన్ ఎక్కడ పె

నీ
నేను