టాటా ఎండోమెంట్‌కి, ఇంకొందరికి: కృతజ్ఞతలు

బ్యాంకాక్ పక్కన పథుమ్ థానీలో ఉన్న ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, నీటి ఇంజనీరింగు మాస్టర్స్‌లో చేరాను. ఫీజు కట్టేశాను. అందుకు ముందుగా, విదేశాల్లో పైచదువులకు అప్పు ఇచ్చే జె.ఎన్. టాటా ఎండోమెంట్ వారికి నలుగురి ముందూ దణ్ణం పెట్టుకోవాలి.

మాకున్నది డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పంచి ఇచ్చినది. తాకట్టుకు పనికిరాదని బ్యాంకులో తేల్చేశారు. చిన్నమామ హామీ సంతకం పెడితే కొంత లోను వచ్చింది. మిగతాది వడ్డీకి తెస్తానని నాన్న బయల్దేరితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. సరిగ్గా అప్పుడు ఎండోమెంట్ నుంచి లోన్ స్కాలర్‌షిప్ మంజూరైనట్టు మెయిల్ వచ్చింది.

పెద్ద కంపెనీలను లాభాల్లో రెండు శాతం సేవకు పెట్టమని 2013 కంపెనీల చట్టం చెప్పాక, పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగేవాళ్లను చాలామందినే చూశాం. ఇది ఆ బాపతు కాదు. జంషెడ్‌జీ టాటా 1892లోనే మొదలుపెట్టారు. మొదట పార్సీలకే, 1894 నుంచి భారతీయులందరికీ. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదివింది టాటా స్కాలర్‌షిప్‌తోనే. నాకు బాగా నచ్చింది మాత్రం ఇది అప్పు కావడం. నేను తిరిగి కట్టే డబ్బు ఇంకో పిల్లకో పిల్లాడికో పోతుంది. ఎవరి ముందూ తల వంచుకోనక్కర్లేదు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మా వైపు నీటి కట్టడం ఏదైనా చెప్పమన్నారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి చెప్పాను. 1369 నాటి శాసనంలో చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు రాశారనీ, రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు కట్టారనీ అంటే, "ఆ దోషాలేంటో చెప్పు" అని పట్టుకున్నారు. కట్ట నుంచి నీరు కారడం, చవిటి నేల అని మొదలుపెట్టాను. ఆయన కాగితం పక్కన పెట్టి వినడం మొదలుపెట్టారు.

ఆ శాసనం చదివి వినిపించిన మా డిగ్రీ లెక్చరర్ గారికి, చిన్నమామకు, ఇక్కడ దిగిన రోజే సిమ్‌కార్డూ అన్నమూ చూసిన సీనియర్ అక్కకు ఎంత చెప్పినా తక్కువే. 2011 వరదల్లో మునిగిన క్యాంపస్ ఇదేనని మొదట చెప్పిందీ అక్కే. నీటి చదువుకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది!

వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్లు మెసేజ్ పెట్టండి. ఆన్‌లైన్ టెస్టు గురించీ ఇంటర్వ్యూ గురించీ నాకు తెలిసింది చెప్తాను. దీనికోసం కన్సల్టెన్సీలకు మాత్రం డబ్బులు పొయ్యకండి.