కోచ్ మారితే మన అమ్మాయిల కమిట్‌మెంట్ సంగతి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి సాకర్ ఆడటానికి చేరతానని మాటిచ్చిన (కమిట్ అయిన) అమెరికా కాలేజీలో హెడ్ కోచ్ వెళ్లిపోయారని నిన్న రాత్రి తెలిసింది. పాపం, సాకర్ షూస్ కూడా విప్పకుండా మెట్ల మీదే కూర్చుండిపోయింది. మీ పిల్లలకూ ఈ పరిస్థితి రావచ్చని రాస్తున్నాను.

నోటిమాట కమిట్‌మెంట్‌కి ఇరువైపులా కట్టుబాటు లేదు. కొత్త కోచ్ తన ఆటతీరుకు సరిపోయేవాళ్లనే చూసుకుంటారు. పైగా 2025 హౌస్ సెటిల్‌మెంట్‌లో (కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలు కల్పించిన కోర్టు ఒప్పందం) చేరిన కాలేజీల్లో మహిళల సాకర్ జట్టుకి 28 మందే పరిమితి. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024లోనే రద్దయింది, ఇప్పుడు సంతకం చేసేది స్కాలర్‌షిప్ ఒప్పందం మీదే. అది చేతికొచ్చేదాకా మిగతా కోచ్‌లతో మాటలు ఆపకండి. కొత్త కోచ్ పేరు ప్రకటించగానే ఈమెయిల్ అమ్మాయే రాయాలి, మనం కాదు. ఆట వీడియో జతచేసి, నా చోటు ఉందా అని సూటిగా అడగమనండి.