బావా, షియాన్‌లో రొట్టె తుంచుతూ కూర్చున్నా

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? నేను పంపిన ఫోటోలు చూసి "చైనా దాకా వెళ్ళి కూడా కబాబులూ రొట్టెలేనా నీ బతుక్కి" అని వెక్కిరించావుగా. దానికి రెండు ముక్కల్లో మెసేజ్ కొడితే నీకు ఎక్కదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

నీ దృష్టిలో చైనా తిండి అంటే మన సందు చివర బండి, దాని మీద నిలువెత్తు మంట, సోయాసాస్, మంచూరియా. ఆ మంచూరియా అన్నది ఇక్కడ ఎవరికీ తెలీదురా, అది అచ్చంగా మన దేశపు సరుకు. ఇక షియాన్ పాత బజార్లో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలేది సోయాసాస్ కాదు, జీలకర్ర. నిప్పుల మీద కాలుతున్న మటన్ మీద జీలకర్రపొడి, ఎండుకారం కలిపి చల్లుతుంటే ఆ వాసన వీధి మొదటి నుంచే లాక్కెళ్ళిపోతుంది. అన్నం సంగతంటావా, ఇక్కడ అది రెండో వరసలోనే. ఈ షాన్‌షీ ప్రాంతమంతా గోధుమ పండే నేల. కాబట్టి రొట్టె, నూడుల్స్, బన్ను, మళ్ళీ రొట్టె.

జీలకర్ర ఇక్కడికి ఎలా వచ్చిందంటే, షియాన్ అసలు పేరు చాంగాన్ కదా, టాంగ్ వంశం వాళ్ళ రాజధాని. సిల్క్ రోడ్డుకి ఈ కొస ఇదే. పర్షియా, అరేబియా, మధ్య ఆసియాల నుంచి ఒంటెల మీద సరుకు వేసుకొచ్చిన వర్తకులూ, సైనికులూ కొందరు ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి వాళ్ళనే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ సంతతే చాలావరకు ఇప్పటి హుయ్ ముస్లింలు. మాట్లాడేది చైనీసే, మొహాలు చూస్తే పక్క వీధి వాళ్ళకీ వీళ్ళకీ తేడా తెలీదు. వంటలో మాత్రం పంది మాంసం ఉండదు, మటనూ బీఫూ మాత్రమే. బజార్లో నేను తిన్న హుయ్ హోటళ్ళలో మందు కూడా పోయరు, కాబట్టి నువ్వు పక్కన బీరు పెట్టుకుని కబాబులు తినే కల ఏదైనా ఉంటే మానుకో.

సిల్క్ రోడ్డు అంటే గుర్తొచ్చింది. స్కూల్లో హ్యూయన్ త్సాంగ్ గురించి బట్టీ పట్టాం చూడు, మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన ఆ సన్యాసి, ఆయన 645లో తిరిగొచ్చింది ఈ ఊరికే. తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టి, ఆ తర్వాత మళ్ళీ కట్టిన పగోడా (అంతస్తుల బౌద్ధ గోపురం) ఇంకా నిలబడే ఉంది. అమరావతి పేరు చెప్తే మా కొలీగ్‌కి తెలీలేదు కానీ, ఆ సన్యాసి పేరు ఎత్తగానే "ఓహో, మీవైపు వచ్చాడా" అని నాకు కాస్త మర్యాద పెంచాడు.

ఈ కొలీగ్ షియాన్‌లోనే పుట్టి పెరిగాడు. ఆఫీసు పని అయ్యాక తినడానికి తీసుకెళ్ళే బాధ్యత తనే మీదేసుకున్నాడు. బెల్ టవర్ మెట్రో స్టేషన్లో దిగి, కొంచెం నడిస్తే డ్రమ్ టవర్ వస్తుంది. 1380లో కట్టిన పెద్ద కోట ద్వారం లాంటి కట్టడం. దాని కింద సొరంగంలా ఉన్న దారిలోంచి అవతలికి వెళ్తే బెయ్‌యువాన్‌మెన్ వీధి మొదలవుతుంది. అర కిలోమీటరు పొడవు, రాతి పలకలు, రెండు పక్కలా కొట్లు, నియాన్ బోర్డులు, జాతర లాంటి జనం. యూట్యూబ్‌లో నువ్వు చూసేదంతా ఈ వీధే.

నిజం చెప్పాలంటే ఈ వీధిలో సగం సరుకు కెమెరా కోసమే. పుల్లకి గుచ్చిన స్క్విడ్, పొగలు కక్కే రంగు డ్రింకులు, ఏ టూరిస్టు ఊళ్ళోనైనా దొరికేవే. ఒక కొట్టు ముందు మాత్రం నిలబడిపోయా. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నించుని, దిమ్మ మీద వేరుశనగ పాకం ముద్దని పెద్ద పెద్ద చెక్క సుత్తులతో వంతులవారీగా దంచుతున్నారు. ఒకడిది లేస్తుంటే ఇంకొకడిది పడుతోంది, ఒక్కసారి లెక్క తప్పితే ఎవడి వేళ్ళో పోతాయి. పలచగా అయ్యాక మడత పెట్టి మళ్ళీ దంచుడు. నోట్లో వేసుకుంటే పొరలు పొరలుగా విడిపోతుంది. కొన్నాను, హోటల్ రూముకి చేరేలోపే అయిపోయింది. అక్కడే చల్లటి సువాన్‌మెయ్‌తాంగ్ కూడా తాగాను. పొగబెట్టి ఎండబెట్టిన ప్లమ్ పళ్ళతో చేసే పుల్లటి, తియ్యటి పానీయం. మాంసం తిన్నాక గొంతులో జిడ్డంతా కడిగేస్తుంది.

మా వాడికి మాత్రం ఆ వీధిలో కాలు నిలవలేదు. "ఇక్కడ మావాళ్ళెవరూ తినరు" అని పక్క సందులోకి లాక్కెళ్ళాడు. దాపియువాన్ అంటారు ఆ సందుని. అక్కడ లైట్లు తక్కువ, బోర్డులు పాతవి, చప్పుడు చేయకుండా వచ్చి మడమలకి తగిలే ఎలక్ట్రిక్ స్కూటర్లు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయనలు వీధి అరుగుల మీద చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. అక్కడ తిన్నదే పావోమో. దీని గురించి వివరంగా చెప్పాలిరా, లేకపోతే ఫోటోలో నువ్వు చూసిన ఆ గిన్నె నీకు అర్థం కాదు.

కూర్చోగానే ఒక పెద్ద పింగాణీ గిన్నె, అందులో రెండు గుండ్రటి రొట్టెలు తెచ్చి పెట్టారు. అరచేతిలో పట్టేంత ఉంటాయి, మందంగా, గట్టిగా. పిండి చాలావరకు పులవనిది, అందుకే అంత బిరుసు. కూర లేదు, సూప్ లేదు. నేను అటూ ఇటూ చూస్తుంటే మా వాడు చేతులు కడుక్కొచ్చి, రొట్టెని ముందు రెండుగా చీల్చి, తర్వాత గోటితో గిల్లినట్టు చిన్న చిన్న తుంపులుగా తుంచడం మొదలెట్టాడు. నాకూ అదే పని. సోయాగింజంత ముక్కలు కావాలట. నేను నాలుగు తుంపి గిన్నెలో వేశానో లేదో, తీసి చూపించి "ఇవి ఊరవతల వాళ్ళ ముక్కలు" అన్నాడు. మళ్ళీ తుంచు. చుట్టూ చూస్తే అందరిదీ అదే పని. ముసలివాళ్ళు కిటికీలోంచి చూస్తూ, ఆఫీసు వాళ్ళు పోట్లాడుకుంటూ, ఒక తల్లి పిల్లాడికి హోంవర్క్ చెప్పిస్తూ, వేళ్ళు మాత్రం ఆగకుండా తుంచుతూనే ఉన్నాయి. వేళ్ళ కొసలు నొప్పెట్టాయిరా బాబూ. కత్తితో కోయకూడదా అని అడిగా. కత్తితో కోస్తే అంచులు నున్నగా వస్తాయి, పులుసు పట్టదు, తుంచితే గరుకుగా ఉండి పీల్చుకుంటాయన్నాడు. తొందరపడే వాళ్ళకి మిషన్లో కోసిచ్చే కొట్లు కూడా ఉన్నాయట. ఆ మాట చెప్తూ మొహం ఎలా పెట్టాడంటే, పెళ్ళి భోజనంలో ప్యాకెట్ పెరుగు వడ్డిస్తే మా నాన్న పెట్టే మొహం అది.

తుంచడం అయ్యాక నంబరు బిళ్ళ పెట్టి గిన్నె వంటింట్లోకి తీసుకెళ్తారు. ఎవరి రొట్టె వాళ్ళకే తిరిగి రావాలి కదా. అక్కడ వంటవాడు ఒక్కొక్క గిన్నెనీ విడివిడిగా, పెద్ద మంట మీద, గంటల తరబడి కాచిన మటన్ ఎముకల పులుసులో వేసి వండుతాడు. మాంసం ముక్కలు, సన్నటి గాజు సేమియా, చెవి ఆకారంలో ఉండే నల్ల పుట్టగొడుగు పడతాయి. పులుసు ఎంత కావాలో కూడా ముందే చెప్పాలి. పూర్తిగా ఇగిరిపోయినట్టు ఒకటి, తిన్నాక చివర్లో ఒక గుక్క మిగిలేట్టు ఒకటి, రొట్టె మధ్యలో గుట్టగా ఉండి చుట్టూ పులుసు నిలిచేట్టు ఇంకొకటి. ఈ మూడోదాన్ని వాళ్ళు నీళ్ళు చుట్టుముట్టిన కోట అంటారు. నాకు ఆ గుక్క మిగిలేదే నచ్చింది.

తినడానికీ ఒక పద్ధతుంది. కలపకూడదు. నేను మన అలవాటు కొద్దీ గరిటె పెట్టి కలపబోతే మా వాడు చెయ్యి పట్టుకున్నాడు. ఒక అంచు నుంచి మొదలెట్టి కొంచెం కొంచెంగా తింటూ వెళ్ళాలి, అప్పుడే చివరిదాకా వేడి నిలుస్తుంది. పక్కన ఎర్రటి కారం ముద్ద, చక్కెరా వెనిగరూ కలిపి ఊరబెట్టిన వెల్లుల్లి ఇస్తారు. మాంసం బరువుగా అనిపించినప్పుడల్లా ఒక పాయ కొరుక్కోవాలి. రొట్టె ముక్క బయట మెత్తగా, లోపల ఇంకా పంటికి తగిలేలా ఉంది. రుచికి అబ్బా అనిపించేది కాదురా, మొదటి రెండు చెంచాలకి "ఇంతేనా" అనుకుంటావు. మసాలా ఘాటు లేదు, మాంసం వాసనే ముందు. సగం గిన్నె అయ్యేసరికి మాట్లాడటం మానేస్తావు. అరగంట చేత్తో కష్టపడ్డ తిండి కదా, ఆకలి కూడా దానికి సాయం పడుతుంది. నన్నడిగితే ఈ పేటలో తినాల్సింది ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

పొద్దున్న తిండికి ఇంకో సందు, సాజిన్‌చియావ్. డ్రమ్ టవర్‌కి పడమటి వైపు కాస్త దూరం. టూరిస్టులు తక్కువ. అక్కడ హులాతాంగ్ అని చిక్కటి సూప్ అమ్ముతారు. బీఫ్ ఉండలు, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్, దండిగా మిరియాలు. ఇందులోకీ రొట్టె తుంచుకోవడమే! చలికాలం పొద్దున్నే తాగితే చెవుల్లోంచి వేడి వస్తుంది. దాని పక్కనే జెంగ్‌గావ్ బండి. పెద్ద ఇనప పాత్రలో జిగురు బియ్యం, ఎండు రేగుపళ్ళు, రాజ్మా లాంటి గింజలు పొరలు పొరలుగా పేర్చి గంటల కొద్దీ ఆవిరి మీద ఉడికిస్తారు. రేగుపళ్ళ రంగు దిగి అన్నం ముదురు ఎరుపుకి తిరుగుతుంది. బండి ఆవిడ పలచటి అట్లకాడతో పైనుంచి కిందికి గీస్తుంది, మూడు పొరలూ ఒకే ముక్కలో రావాలి కదా. అట్లకాడకి అంటుకున్నదాన్ని గిన్నె అంచుకి రాసి మరీ ఇస్తుంది, ఒక్క మెతుకు వదలదు. బెల్లం, చక్కెర వేసినట్టు కనపడలేదు, తీపంతా రేగుపళ్ళదే అనిపించింది.

మీ ఆవిడ శాకాహారి కదా, తనకేం దొరుకుతుందని అడుగుతావు. జెంగ్‌గావ్ ఉంది. లియాంగ్‌పి ఉంది, పిండితో ఆవిరి మీద చేసిన చల్లటి వెడల్పు పట్టీలు, ఇక్కడి హుయ్ వాళ్ళు నువ్వుల ముద్ద కలిపి ఇస్తారు. షిజ్‌బింగ్ ఉంది, అంటే పర్సిమన్ పండు గుజ్జుతోనే పిండి కలిపి, లోపల తీపి పూర్ణం పెట్టి, పెనం మీద నూనెలో కాల్చే బిళ్ళలు. పర్సిమన్ మన తునికి చెట్టు జాతిదే. పళ్ళు టెర్రకోట (కాల్చిన మట్టి) సైనికుల బొమ్మలు బయటపడ్డ లింటోంగ్ నుంచి వస్తాయి. వేడిగా తింటే అమృతం, చల్లారితే మైదా ముద్ద. సూపులూ, నూడుల్సూ మాత్రం అడిగి తినాలి, మాంసం పులుసు తగలకుండా ఉండేవి తక్కువ.

నూడుల్స్‌లో ఒకటి మాత్రం నీకోసమే పుట్టింది. బెల్టంత వెడల్పు నూడుల్ ఉడికించి, పైన ఎండుకారం, ఉల్లికాడలు, వెల్లుల్లి పోగేసి, దాని మీద పొగలొచ్చే నూనె సుర్రుమనిపిస్తారు. చప్పుడూ వాసనా అచ్చం మన తాలింపే. కారం మాత్రం గుంటూరు నాలుకకి ఆనదు, ఘాటు తక్కువ, సువాసన ఎక్కువ. మా వాడు నీళ్ళు తాగుతుంటే నేను ఇంకొంచెం కారం అడిగాను. ఆ ఒక్క విషయంలో మన పరువు నిలబెట్టాను.

పెద్ద మసీదు కూడా ఈ సందుల్లోనే ఉంది. గుమ్మటం కోసం వెతక్కు, ఉండదు. చైనా గుడి లాగే వంపు తిరిగిన పెంకుల కప్పులు, తోటలు, వరసగా ప్రాంగణాలు. 742లో మొదలైందని చెప్పుకుంటారు, ఇప్పటి కట్టడం 1392 నాటి మింగ్ కాలానిది. చైనా గుళ్ళు మామూలుగా దక్షిణం చూస్తాయి, ఇది తూర్పు నుంచి పడమటికి సాగుతుంది, మక్కా అటు కాబట్టి. ప్రార్థన హాల్లోకి మనల్ని వెళ్ళనివ్వరు, తోటలో ఎంతసేపైనా కూర్చోవచ్చు. బయట అంత గోల జరుగుతుంటే లోపల పిట్టల చప్పుడే.

వచ్చేట్టయితే సెప్టెంబరు చివర్లో గానీ, అక్టోబరు సగం దాటాక గానీ రా. అప్పుడే పర్సిమన్, దానిమ్మ పళ్ళు దిగుతాయి. అక్టోబరు మొదటి వారం వద్దేవద్దు, వాళ్ళ జాతీయ దినోత్సవం సెలవులు, ఆ వీధిలో నువ్వు నడవక్కర్లేదు, జనమే మోసుకెళ్తారు. ఫోన్లో అలీపే అనే డబ్బు చెల్లింపుల యాప్ వేసుకుని కార్డు కలిపి పెట్టుకో, బండి వాళ్ళు కూడా క్యూఆర్ కోడ్ చూపిస్తారు. గోళ్ళు కొంచెం పెంచుకుని రా, రొట్టె తుంచడానికి పనికొస్తాయి. తేదీలు అనుకుని త్వరగా చెప్పు, నేను లీవు పెట్టుకోవాలి.

ఉంటాను మరి. అమ్మకి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ బావ