మెరిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం. మీ ఆదివారం సంచికలో పాత కార్ల ప్రదర్శన ఫొటోలు చూశాను. నాది సికింద్రాబాద్‌లో ఫర్నిచర్ పాలిష్ పని. కార్లవాళ్లూ అప్పుడప్పుడు చెక్క స్టీరింగులు పట్టుకొస్తుంటారు. ఫొటోలో ఒక స్టీరింగ్ అద్దంలా మెరుస్తోంది. నాకైతే ఆ మెరుపు చూస్తేనే అనుమానం.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి తొలి బళ్లకి స్టీరింగ్ అంచు చెక్కదే. అలాంటివి చాలావరకు ముక్కలు వంపుగా కోసి అతికినవే. పాడయ్యేది ముందు ఆ అతుకుల దగ్గరే. అతుకు కదులుతోందేమో బొటనవేలితో నొక్కి చూడకుండానే లప్పం పూసి, రంగేసి ఇచ్చేస్తున్నారు. పైకి కొత్తది, లోపల పగులు. మలుపులో బలం పడేది ఆ అంచు మీదే కదా! వదులైన అతుకు విప్పి, పాత జిగురు గీకేసి, ఎపాక్సీ జిగురు పెట్టి బిగించి రాత్రంతా వదిలెయ్యాలి.

మెషిన్‌తో రుద్దడం ఇంకో తెగులు. వేళ్లు పట్టే గాడులు అరిగిపోతాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా పనికుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకే. తడిచేసి, మాస్కు కట్టుకుని, చేత్తో రుద్దమనండి.

లక్క పాలిష్ బల్లలకి బాగుంటుంది, నాకూ అదే ఇష్టం. స్టీరింగ్‌కి మాత్రం వద్దు. చేతి చెమటకి, ఎండకి జిగటవుతుంది. పడవలకి వేసే వార్నిష్ పల్చగా ఐదారు పూతలు, మధ్యమధ్య 400 నంబరు గరుకు కాగితంతో రుద్దుతూ వేయించండి. వారం పడుతుందంటే మేస్త్రి మీద విసుక్కోకండి.

– ఒక పాలిష్ మేస్త్రి, సికింద్రాబాద్