శనివారం పెరో పనిచేసిన ఇంటికి

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం తెలుగు తరగతులు బడిలో జరగవు. పెద్ద తరగతుల పిల్లలను బ్రిస్టల్ గ్రేట్ జార్జ్ వీధిలోని 7వ నంబరు ఇంటికి తీసుకువెళ్తున్నాం. 1790 ప్రాంతంలో జాన్ పిన్నీ అనే చక్కెర వ్యాపారి కట్టించుకున్న ఆ ఇల్లే నేటి జార్జియన్ హౌస్ మ్యూజియం. ప్రవేశం ఉచితం.

నాలుగు అంతస్తుల్లో 11 గదులు చూడవచ్చు. భోజనాల గది, అతిథుల గది పిల్లలకు తప్పక నచ్చుతాయి. అయితే ఎక్కువసేపు నేలమాళిగలో గడపాలని నా కోరిక. వంటగది, బట్టలుతికే గది, యజమాని చన్నీటి స్నానానికి కట్టించుకున్న కొలను అక్కడే ఉన్నాయి. ఇంటి చాకిరీ ఎంతో అక్కడే తెలుస్తుంది.

పిన్నీ సిరికి మూలం కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో అతనికున్న చెరకు తోటలు. అక్కడ చెమటోడ్చినవారు బానిసలు. 1765లో అతను పెరో అనే 12 ఏళ్ల బాలుణ్ణి, అతని ఇద్దరు చెల్లెళ్లను కొన్నాడు. పెరో పిన్నీకి సొంత సేవకుడై ఈ ఇంటికీ వచ్చాడు. 1798లో చనిపోయేదాకా అతనికి స్వేచ్ఛ దొరకలేదు. పిన్నీకే బానిసగా ఉన్న ఫ్యానీ కోకర్ అనే పరిచారికకు మాత్రం 1778లోనే విముక్తి లభించింది. రేవు మీద రెండు పెద్ద కొమ్ములున్న నడక వంతెనను మీ పిల్లలు దాటే ఉంటారు. 1999లో తెరిచిన ఆ వంతెన పేరు పెరోదే.

చిన్నపిల్లలకు ఈ సంగతులు ఇప్పుడే ఎందుకని కొందరు అడిగారు. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ పెరోను కొన్ననాటికి అతని వయసు మన పిల్లల వయసే. పెరో ఊసెత్తకుండా గదుల అందం మాత్రమే చూపించి తీసుకురావడం నాకు ఇష్టం లేదు. పైగా బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకు తోటలకు కోరంగి వంటి రేవుల నుంచి తెలుగువాళ్లను ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించారు. ఈ చక్కెర చరిత్రలో మనవాళ్ల కష్టమూ కలిసి ఉంది. ఆ మాట పిల్లలకు తెలుగులోనే చెబుతాం.

ఇంటికొచ్చాక వాళ్లు ఏమైనా అడిగితే దయచేసి మాట దాటవేయకండి. జవాబు తోచకపోతే ఆ ప్రశ్నను కాగితం మీద రాయించి పంపండి, తరగతిలో మాట్లాడుకుందాం.

మెట్లు ఎక్కువ కాబట్టి సౌకర్యమైన బూట్లు వేసి పంపండి. ఎక్కడానికి ఇబ్బంది ఉన్న పిల్లలెవరైనా ఉంటే ముందుగా నాకు చెప్పండి. అనుమతి పత్రాలు గురువారంలోపు అందాలి.

ప్రధానోపాధ్యాయురాలు