సంతకం పెట్టే ముందు

హనుమకొండ

ప్రియ నేస్తం,

ఎట్లున్నవే? నాన్న భూమిని వారసుల పేరు మీదికి మార్చే విరాసత్ కోసం, నీ వాటా వదులుకుంటున్నట్టు అన్నలు నిన్ను సంతకం పెట్టమంటున్నారని చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో సగమే మాట్లాడుకున్నాం, అందుకే ఇంత రాస్తున్నా.

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మతో తాసీల్దారు ఆఫీసుకు వెళ్లాను. మేనమామలు చెడ్డవాళ్లేం కాదు. దారిలో ఆమెకు మంచి చీర కొన్నారు, చాయ్ తాగించారు. కాగితంలో ఏముందో మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. బయటికొచ్చాక "ఎందుకు పెట్టినవ్ చిన్నమ్మా?" అంటే, "భూమి అడిగితే రేపు నాకు ఒడిబియ్యం ఎవరు పోస్తరు బిడ్డా?" అంది. నాకు నోట మాట రాలేదు. పుట్టింటి గడప కావాలని ఏ ఆడబిడ్డకు ఉండదు? కానీ ఆ గడపకు వెల ఎకరాల్లో కట్టుడేంది?

ఆస్తిలో ఆడబిడ్డకూ వాటా అన్న ఈ హక్కు ఊరికే రాలేదే. ఆడవాళ్లకు ఆస్తి, పెళ్లి విషయాల్లో హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వకపోవడం అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకోవడానికి పెద్ద కారణం. 1956లో వారసత్వ చట్టమైతే వచ్చింది గానీ, తాతల ఆస్తిలో పుట్టుకతో హక్కు మాత్రం కొడుకులకే మిగిలింది. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని మార్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి బిడ్డలకూ సమాన వాటా అన్నారు, అయితే అంతకు ముందే పెళ్లయినవాళ్లకు లేదన్నారు. చిన్నమ్మ పెళ్లి 1979లో. చూడు, లగ్నం ముందు పడ్డందుకు హక్కు పోయింది! 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అన్న గొడవను కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది, అక్కర్లేదని. ఇంత దూరం వచ్చిన హక్కును మనవాళ్లు ఒక్క సంతకంతో తిరిగి ఇచ్చేస్తున్నారు.

నాకు ఊకే పాలకుర్తి ఐలమ్మే యాదికొస్తుంది. ఆమెది కౌలు భూమి, పట్టా కూడా లేదు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట మీద పడితే సంఘపోళ్లు, అంటే ఆంధ్ర మహాసభ వాళ్లు, అండగా నిలబడ్డారు, వడ్లు ఆమె ఇంటికే చేరాయి. చాకలామె దొర ముందు తల వంచలేదు. దొరకు ఎదురునిలవడం కంటే తోడబుట్టినవాడికి "వద్దు" అని చెప్పడమే కష్టమేమో, నాకిప్పుడు అట్లనే అనిపిస్తుంది. అక్కడ పగ ఉంది, ఇక్కడ ప్రేమ ఉంది కదా.

వాటా తీసుకోవాలా, అన్నలకు వదిలేయాలా అన్నది నీ ఇష్టం. వదిలేసినా తెలిసి వదిలెయ్. ముందు పాత పహాణీలు, అంటే భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసుండే రికార్డులు, తీయించు. ఆ భూమి తాతలదా, నాన్న కొన్నదా చూడు. నాన్నే కొని, వీలునామా రాయకుండా పోయి ఉంటే అమ్మకూ, నీకూ, అన్నలకూ తలా ఒక సమాన వాటా. తాతలదైతే, 2005 చట్టం గీత గీసిన తేదీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు ఏమైనా అయ్యాయేమో కనుక్కో. అమ్మ వాటా సంగతి అసలు మరిచిపోకు, అందరూ ముందు మరిచేది అదే. తెలిసిన వకీలుకు చూపించేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అన్నలతో మాట్లాడే రోజు చెప్పు, పొద్దున బస్సుకే వస్తా.

నీ నేస్తం