స్లాబు దగ్గర ఆగిపోతున్న ఇళ్లకు మనం చేయి వేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కల్వకుర్తి నుంచి అచ్చంపేట వైపు వెళ్లినా, దేవరకొండ వైపు వెళ్లినా ఈ మధ్య ఒకే తీరు ఇల్లు కనిపిస్తోంది. గోడలు లేచాయి, స్లాబు పడింది. కిటికీలకు రెక్కల బదులు యూరియా సంచులు కట్టి ఉన్నాయి. గోడలకు గిలాబు (సిమెంటు పూత) లేదు, కింద గచ్చు లేదు. అయినా లోపల పొయ్యి వెలుగుతోంది. పాత గుడిసె పీకిన జాగాలోనే ఇది కట్టుకున్నారు, వాళ్లకు పోవడానికి ఇంకో చోటు లేదు.

ఇవి ఇందిరమ్మ ఇళ్లు. పేదల సొంత ఇంటికి తెలంగాణ ప్రభుత్వం సాయమిచ్చే ఈ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. ఇంటికి 5 లక్షల రూపాయలు. పునాదికి, గోడలకు, స్లాబుకు ఫోటో తీసి ఎక్కించాక విడతలవారీగా బిల్లు పడుతుంది. ఆఖరి విడత ఇల్లు పూర్తయ్యాక వస్తుంది. నా బాధంతా ఆ ఆఖరి విడత గురించే. ఇల్లు పూర్తయితేనే ఆ పైసలు చేతికొస్తాయి, ఆ పైసలు చేతిలో ఉంటేనే ఇల్లు పూర్తవుతుంది. స్లాబు వేసేసరికే మిత్తికి తెచ్చిన పైసలు అయిపోయిన కుటుంబం ఇక్కడ చతికిలపడుతోంది.

గిలాబు, రంగు అంటే సోకు అనుకునేవాళ్లున్నారు. గిలాబు లేని గోడ వానకు ఇటుక సందుల్లోంచి నీళ్లు పీలుస్తుంది, ఆ చెమ్మ స్విచ్చు బోర్డు దాకా వస్తుంది. సందుల్లో తేళ్లు చేరతాయి. గచ్చు లేని నేల మీద పాకే పసిపిల్లకు దగ్గు తగ్గదు. రెడ్ ఆక్సైడ్ పూయని ఇనుప కిటికీ రెండు వానాకాలాలకే తుప్పు పడుతుంది. 5 లక్షలు పెట్టిన ఇంటిని ఇలా వదిలేస్తే ఆ 5 లక్షలూ కరిగిపోతుంటాయి.

మా నాయన శ్రీశైలం డ్యాం పనిలో రాళ్లు మోశాడు, తర్వాత బొంబాయిలో, పుణెలో మేడలకు గిలాబు చేశాడు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. ఊళ్లో మా ఇంటి గోడలకు గిలాబు పడింది మాత్రం నాకు టీచరు ఉద్యోగం వచ్చిన తరువాతే. అప్పటికి నాయన చేతులు వణికేవి. అయినా తాపీ ఎవరికీ ఇవ్వలేదు.

నిరుడు చలికాలంలో దేవరకొండ దగ్గరి ఒక తండాలో క్యాంపు పెట్టి, భర్త లేని ఒక అమ్మ ఇంటిని పదకొండు మంది డిగ్రీ విద్యార్థులు, ఒక మేస్త్రీ, నేను కలిసి పూర్తి చేశాం. మేస్త్రీకి కూలి ఇచ్చాం, కరెంటు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాం. పిల్లలు ఇసుక జల్లించారు, మాలు కలిపి అందించారు, గిలాబు గోడలకు ఏడు రోజులు పొద్దున సాయంత్రం నీళ్లు పట్టారు. ఈ నీళ్లు పట్టే పనే చాలా ఇళ్లలో జరగదు, ఎందుకంటే ఇంటివాళ్లు పొద్దున్నే పత్తి ఏరడానికి పోతారు. తడపని గిలాబు నెర్రెలు విచ్చుతుంది, ఆ తప్పు మేస్త్రీ మీద పడుతుంది.

మేమూ ఒక తప్పు చేశాం. క్యాంపు ముగిసేలోపు రంగు వేయాలన్న తొందరలో ఒక గదికి తడి ఆరకముందే లప్పం (పుట్టీ) పెట్టించాను. వారానికే పొరలు పొరలుగా ఊడింది. మేస్త్రీ మళ్లీ గీకించి, నెల తర్వాత రమ్మన్నాడు. నెల తర్వాత వెళ్లి లప్పం రుద్ది, ప్రైమర్ వేసి, రెండు పూతలు రంగు వేశాం. ఆ రోజు ఆమె పాలు పొంగించి, "బిడ్డా, గోడకు చెయ్యి పెడితే మన్ను అంటుతలేదు" అంది.

అందుకే జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) నడిపే కళాశాలలకు ఒక మాట చెప్పాలనిపిస్తోంది. 1969లో మొదలైన ఆ పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరమూ ఉంటుంది. గిలాబు, దాని తడుపు ఏడు రోజుల శిబిరంలో మొదలుపెట్టవచ్చు. లప్పం, రంగు మాత్రం తర్వాతి ఆదివారాల్లో మిగతా గంటల కింద చేయించాలి. రోడ్డు ఊడ్చి ఫోటో దిగడం కన్నా ఆ గంటలకు ఇది మంచి వాడకం.

కూలీల పొట్ట కొట్టినట్టు కాదా అని ఒక పెయింటర్ తమ్ముడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కూలి ఇవ్వగలిగిన ఇంటికి మేం పోకూడదు. ఒంటరి ఆడవాళ్లు, వికలాంగులు, పనిచేసే చేతుల్లేని ముసలివాళ్ల ఇళ్లకే పోవాలి, అక్కడా నైపుణ్యం కావాల్సిన పనికి కూలి ఇచ్చే మేస్త్రీనే పెట్టుకోవాలి. పరంజా ఎక్కి బయటి గోడలు చేయడం పిల్లల పని కాదు.

ఇది కొత్త సంగతీ కాదు. వినోబా భావే భూదానానికి తొలి ఎకరాలు దొరికింది 1951లో అప్పటి మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలోనే. స్వచ్ఛంద శ్రమతో పేదల ఇళ్లు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో పని మొదలుపెట్టింది 1983లో ఖమ్మంలో. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 82 ఏళ్ల వయసులో, 2006లో, ఆ సంస్థ తరఫున మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరికి వచ్చి ఇళ్ల పనిలో చేయి వేశాడు.

అయితే మా చెమటతో సిమెంటు పుట్టదు. గృహనిర్మాణ శాఖ ఆ ఆఖరి విడతలో కొంత, స్లాబు బిల్లుతోపాటే సామాను కోసం ముందు ఇవ్వాలి. మండలానికి ఒకచోట మట్టం బద్దలు, జల్లెళ్లు, నిచ్చెనలు, తాపీలు ఉంచితే శ్రమదానానికి వచ్చేవాళ్లు అడిగి తీసుకుంటారు. ఏ ఊళ్లో ఏ ఇల్లు స్లాబు దగ్గర ఆగిందో పంచాయతీ కార్యదర్శికి తెలుసు. ఆ జాబితాను గ్రామసభలో చదివి, దగ్గరి కళాశాలకు ఇస్తే చాలు.

ఈ చలికాలం సెలవుల్లో మా చుట్టుపక్కల ఏ కళాశాల ముందుకొచ్చినా నాయన తాపీ తీసుకొని నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా.